అరవై రెండేళ్ల పాలపన్ను

చెవిపోగులు తీసెయ్యండి, జుట్టుపిన్నులు కూడా.
కళ్లజోడు ఈ పళ్లెంలో.
కట్టుడుపళ్లు ఏమైనా?
"ఉన్నవన్నీ నావే" అంది ఎదువీనా మన్సీయా
తడిసిన ఉన్నికోటు కొక్కేనికి తగిలిస్తూ.
"ఒకటి మాత్రం కదుల్తోంది."

కాస్త్రోలో ఆ వారం వాన తెరిపివ్వలేదు.
కిటికీ కింద పోటు తీసి
గుంజల మీద కట్టుకున్న ఇళ్లకి కాళ్లు బయటపడ్డాయి,
నాచుపట్టి, గుల్లలంటుకుని.
ఏ గుంజ ఎంత లోతు దిగిందో
ఇంట్లో వంటచేసుకునేవాళ్లకి తెలీదు.

గడ్డం ఇక్కడ ఆనించండి.
ఈ పుల్లని ముందుపళ్లతో కరవండి.
నుదుటి మీద, బుగ్గ మీద ఎర్రటి వెలుగుగీతలు
వడ్రంగి దారం పట్టి కొట్టినట్టు.
పద్నాలుగు సెకన్లు. మింగొద్దు, మాట్లాడొద్దు.
నేను తలుపు వెనక్కి తప్పుకున్నాను.

యంత్రం ఆమె తల చుట్టూ
ఒకే ఒక్క ప్రదక్షిణ చేసింది,
మొక్కూ లేదు, కోరికా లేదు.
అద్దంలోంచి చూస్తే
తల రాయిలా నిలిచింది గానీ
ఒళ్లో వేళ్లు మేజోడు అల్లుతున్నాయి,
సూదుల్లేకుండా, ఊలు లేకుండా.

పోయిన నెల తీసిన చదును బొమ్మలో
నీడ మీద నీడ పడింది.
గోడ మీది నీడని అడిగితే
మనిషి ఎటు తిరిగి నిలబడ్డాడో చెబుతుందా?
ఇప్పుడు ముఖం ముక్కలుగా వస్తోంది తెర మీదికి,
నెత్తుటి చుక్క లేకుండా,
ఉల్లిచక్రాల్లా అడ్డంగా,
తర్వాత నిలువుగా, తర్వాత పక్కగా.
మౌస్ చక్రం తిప్పుతూ
దవడలోంచి పైకెక్కాను.
చిగుళ్లు దాటాను. వేళ్లు దాటాను.
బుగ్గల వెనక గుహల్లో గాలి నల్లగా నిండి ఉంది.

అక్కడ, అంగిలి ఎముకలో,
అడ్డంగా పడుకుని, ఓ కోరపన్ను.
పూర్తి పన్ను. గీత పడని పింగాణీ.
ఒక్క మెతుకు ఎరగదు.
దాని చోట్లో, వరసలో నిలబడి
వేరు ముప్పాతిక కరిగిపోయిన
పాలపన్ను.

పదకొండో ఏట దిగిపోవలసిన కాపలా.
వారసుడు రాలేదు, ఇది కదల్లేదు.
ఆల్చిప్పల మాంసం, కాల్చిన బంగాళాదుంపలు నమిలింది,
ఊలు కొసలు కొరికింది,
పడవ ఒక్కటే తిరిగొచ్చిన రాత్రి పెదవి కొరుక్కుంది.
పళ్లబిగువున గడిపిన ఏళ్లన్నిట్లో
ఒక పన్ను పసిది.

ఎముకబొమ్మని ఆమె వైపు తిప్పాను.
"ఇది నేనా? ముక్కేదీ?"
ముక్కు కొస మెత్తనిదండీ, ఈ బొమ్మలో రాదు.
"మా అమ్మ ముక్కు అది" అంది, కాస్త నొచ్చుకుని.

డాక్టర్ ఓయార్సో కొలిచాడు:
పక్కపన్ను వేరుకీ దీని తలకీ మధ్య
మిల్లీమీటరైనా లేదు.
"కిందికి లాగలేరా?
మా మామయ్య ఇంటిని ఊరంతా కలిసి
ఎడ్లు కట్టి కొండ దించారు,
పొయ్యి మీద టీ కెటిల్ ఒలక్కుండా."
చిన్నప్పుడైతే గొలుసు కట్టి లాగేవాళ్లం, అన్నాడాయన,
ఇప్పుడు ఎముక దాన్ని వదలదు.
పాలపన్ను తీసేద్దాం.
దీన్ని రెండేళ్లకోసారి చూసుకుందాం.
"సరే, పడుకోనీ" అందామె
పక్కగదిలో మనవడు నిద్రపోతున్నంత మెల్లగా.

దూదిలో చుట్టిన పాలపన్నుని
చెయ్యి చాచి అడిగి తీసుకుంది.
"దిండు కింద పెడతాను. ఎలక నాకు
యాభై ఒక్క ఏళ్ల వడ్డీ బాకీ."

శనివారం సంతలో
మేజోళ్లమ్మే ఒకావిడ పలకరించింది.
పోల్చుకోలేదు నేను.
నా పనిలో ముఖాలు మిగలవు.
ఆవిడ చుట్టూ చూసి
వేలితో పై పెదవి ఎత్తింది.
కొత్త ఖాళీ, దాని పక్కన గులాబీ రంగు చిగురు.

"ఇంకా లేవలేదు" అంది.